కంపవాతము – మెలకువలో శస్త్రచికిత్స



దుమ్ముగూడెము వైపున ఒక పల్లెలో ముప్పది యేండ్లు బడి నడిపి విశ్రాంతి తీసికొన్న మాస్టారుగారు కొన్ని సంవత్సరముల క్రిందట నన్నొక ప్రశ్న వేసిరి. వారికి కుడిచేయి వణకు రోగము. బలపము పట్టి వేలమందికి అక్షరములు దిద్దించిన ఆ చేయి అన్నపుముద్దను నోటివరకు తీసికొనిపోలేకుండెను. హైదరాబాదులో వైద్యులు వారిని పరీక్షించి తలకు శస్త్రచికిత్స చేసెదమని చెప్పిరి. వారు నన్ను పిలిపించి యిట్లు అడిగిరి:

"ఏమయ్యా, నువ్వు మత్తిచ్చే డాక్టరువు గదా! కాల్లో విరిగిన ముల్లు తీయడానికే సూది వేస్తారు. నాకేమో తలకు చిల్లు పెడతారట, నన్ను మెలకువగా ఉండమంటారట. ఇది వైద్యమా, శిక్షా?"

ఆనాడు వారికి చెప్పిన జవాబే నేటి నా ప్రసంగము. అయితే ఆ జవాబులో సగము మాత్రమే నాకప్పుడు తెలిసియుండెను. తక్కిన సగమును తరువాత కొన్నేండ్లకు కిన్నెరసాని ఆవలి పల్లెకు చెందిన ఒక రైతు స్త్రీ నాకు నేర్పినది. ఆ సంగతిని కూడ దాచకుండ మనవి చేసెదను.

ముందుగా రోగమును గూర్చి రెండు మాటలు. ముసలితనమున చేయి వణకిన ప్రతివానికిని ఈ రోగమున్నదని తలపరాదు. చేతికి పనిలేక ఒడిలో నుంచుకొన్నపుడు వణకు హెచ్చుట, నడకలో అడుగులు పొట్టివగుట, కాలుసేతులు బిగిసికొనుట, ముఖమున నవ్వును కోపమును కనబడకుండుట, చేవ్రాలు నానాటికి సన్నగిలుట – ఇవి దీని లక్షణములు. మన ఆయుర్వేదము దీనిని కంపవాతమని పేర్కొన్నది. 1817వ సంవత్సరమున జేమ్సు పార్కిన్‌సన్ అను ఆంగ్ల వైద్యుడు దీనిని వివరించి గ్రంథము వ్రాసినందున పాశ్చాత్య వైద్యమున ఆయన పేరే దీనికి నిలిచినది. మెదడు అడుగుభాగమున డోపమిన్ అను పదార్థమును తయారుచేయు కణములు క్రమముగా నశించుటయే దీనికి మూలము. కాలువకు నీరు విడుచు తూము పూడిపోయినపుడు పొలమెట్లుండునో, ఆ పదార్థము తగ్గినపుడు మన కదలికలు నట్లే యుండును.

ఇప్పుడొక విశేషము చెప్పెదను. ఈ రోగమునకు మందు వెదకిన చరిత్రలో మన అడవి తీగ యొకటి కలదు. దూలగొండిని ఎరుగనివారు మనలో లేరు. కాయమీది నూగు మేనికి తగిలినచో ఆ దురద నాటిదినమంతయు మరపునకు రాదు. భద్రాచలము మద్రాసు రాజధానిలో నున్న ఆ కాలమున, 1937లో, మద్రాసు విశ్వవిద్యాలయపు శాస్త్రశాలలో దామోదరన్, రామస్వామి అను నిద్దరు ఈ దూలగొండి గింజలనుండి ఎల్-డోపా అను పదార్థమును వేరుచేసి చూపిరి. మెదడునకు చేరి డోపమిన్‌గా మారునది ఇదియే. ముప్పది యేండ్లకు పిమ్మట, 1967లో, అమెరికాలో కాట్జియస్ అను వైద్యుడు ఆ పదార్థమును తగిన మోతాదున నిచ్చి మంచమున బిగిసియున్న రోగులను లేపి నడిపించెను. నేటికిని కంపవాతమునకు ముఖ్యమైన మాత్రలు అవియే. ఇంతమాత్రమున గింజలు దంచి మ్రింగవలదని పెద్దలకు నా మనవి. గింజగింజకు బలము వేరు. మాత్రలతో కలిసినచో మోతాదు మితిమీరును.

ఇక మత్తు మాట. భద్రాచలము మద్రాసు వారి క్రింద నున్నపుడు ఖమ్మము నిజాము రాజ్యమున నుండెను. ఆ రాజ్యపు రాజధానియగు హైదరాబాదు మత్తువైద్య చరిత్రలో శాశ్వతమైన పేరు సంపాదించుకొన్నది. అచ్చటి వైద్య పాఠశాలకు అధిపతియగు ఎడ్వర్డు లారీ 1888లోను, మరల 1889లోను క్లోరోఫారమును గూర్చి పరిశోధన సంఘములను నడిపెను. ఆరవ నిజాము మహబూబు అలీఖాను వ్యయము భరించెను. రెండవ సంఘమునకు ఇంగ్లండునుండి లాడర్ బ్రంటన్ అను పండితుడు వచ్చి పాల్గొనెను. క్లోరోఫారము ముందుగా ఊపిరిని ఆపును గాని గుండెను కాదనియు, కావున మత్తిచ్చువాడు ఊపిరిమీదనే కన్ను వేసియుండవలెననియు వారు తేల్చిరి. 1911లో లెవీ అను మరియొక వైద్యుడు గుండెకూడ తటాలున ఆగవచ్చునని నిరూపించుటచే ఆ తీర్పులో సగము తప్పిపోయినది. మిగిలిన సగము మాత్రము నేటికిని మాకు శిరోధార్యము. మత్తు ఇచ్చుట గొప్ప కాదు. ఇచ్చిన పిమ్మట రోగిమీదనుండి చూపు మరల్చకుండుట గొప్ప. ఆ పాఠశాలలోనే 1889లో ఉత్తీర్ణురాలైన రూపాబాయి ఫర్దూన్జీ అను పారసీ వనిత క్లోరోఫారము ఇచ్చుటలో ఆరితేరినది. ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యురాలు ఆమెయేనని చెప్పువారు పెక్కుమంది కలరు.

1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాతో కలిసినది. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. ఆ యొడ్డున మందునకు మూలమైన తీగ, ఈ యొడ్డున మత్తునకు పేరుగన్న రాజధాని – ఈ రెండును కలియుచోటనే మాస్టారుగారి ప్రశ్నకు జవాబున్నది.

మాత్రలు మొదటి కొన్ని సంవత్సరములు చక్కగా పనిచేయును. అటుపిమ్మట కొందరికి మాత్రబలము గడువుకంటె ముందే దిగిపోవును. మరికొందరికి మాత్ర వేసికొన్న వెంటనే ఒడలు మెలికలు తిరుగును. అట్టివారికి నేడు మరియొక మార్గము కలదు. 1987లో ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్ నగరమున బెనాబిడ్ అను వైద్యుడు ఒక సంగతి గమనించెను. మెదడు లోతున ఒక కేంద్రమునకు సెకనుకు నూరు పర్యాయములకు పైగా సన్నని విద్యుత్తరంగములు పంపినచో వణకు నిలిచిపోవుచున్నది. అంతకుముందు ఆ కేంద్రమును కాల్చివేయుచుండిరి. కాల్చినదానిని మరల తెచ్చుట యెవరి తరము? తీగను అచ్చటనే ఉంచి విద్యుత్తు పంపినచో హెచ్చింపను, తగ్గింపను, ఆపను వీలగును. అమెరికాలో ఈ చికిత్సకు వణకు విషయమున 1997లోను, కంపవాత విషయమున 2002లోను అనుమతి లభించినది. మన హైదరాబాదులో నిజాము వైద్యవిజ్ఞాన సంస్థ మొదలగు చోట్ల ఇది జరుగుచున్నది.

ఇది రోగమును మాన్పు చికిత్స కాదు. రోగిచేతికి పనిని తిరిగి యిచ్చు చికిత్స. మాత్రకు లొంగిన లక్షణములే సాధారణముగా దీనికిని లొంగును. మతిమరుపు ముదిరినవారికి ఇది తగదు. యంత్రము వెల లక్షల రూపాయలలో నున్నది. నూటికి ఒకరిద్దరికి మెదడులో రక్తము స్రవించు ప్రమాదమును కలదు. ఇవన్నియు ముందుగానే అడిగి తెలిసికొనవలెను.

ఇక మెలకువ యెందులకు? మెదడు మన బాధలనన్నిటిని తెలిసికొనును గాని, తనను తాకిన బాధ దానికి తెలియదు. నొప్పి తెలియునది తలచర్మమునకును, ఎముకపై పొరకును, మెదడు పైపొరకును మాత్రమే. కనుబొమలవద్ద, చెవులవద్ద, తల వెనుకభాగమున నాడులు చర్మములోనికి వచ్చు చోట్లు కలవు. అచ్చట మొద్దుబార్చు మందును సూదితో వేసినచో తలయంతయు కొయ్యవలె నగును. పన్ను తీయుటకు వేయు సూది ఈ జాతిదే. ఆ సూదులు వేయునపుడు కొంత మంట తప్పదు. ఆ మంట దాటిన పిమ్మట తలకు లోహపుచట్రము బిగించినను, రూపాయిబిళ్లకంటె చిన్నదగు రంధ్రము తొలిచినను రోగికి ఒత్తిడియు చప్పుడును తెలియును గాని కోత నొప్పి తెలియదు.

తీగ చేరవలసిన కేంద్రము ఇంచుమించు కందిగింజంత. అది తలమధ్యమున, కంటికి కానరాని లోతున నున్నది. తలపటములను బట్టి దారి గుర్తించినను, అంగుళములో స్వల్పభాగము తప్పినచో ఫలము తప్పును. కావున ముందుగా వెండ్రుకవంటి సన్నని తీగను దింపి మెదడు కణముల చప్పుడును యంత్రముద్వారా విందురు. తావు చేరినపుడు తాటాకు కప్పుమీద వాన కురిసినట్టి ధ్వని వచ్చును. తరువాత విద్యుత్తు పంపి రోగిచే చేయి ఆడింపించి, మాట పలికించి చూతురు. పూర్తి మత్తు ఇచ్చినచో ఆ ధ్వనియు మందగించును; మాటయు వణకును రెండును నిద్రలో నణగిపోవును. అప్పుడు తీగ సరియైన చోట నున్నదో లేదో చెప్పువాడెవడు? ఈ శస్త్రచికిత్సలో రోగియే మాకు సాక్షి. సాక్షిని నిద్రపుచ్చి తీర్పు చెప్పుట కుదరదు గదా!

మాస్టారుగారికి నేను ఈ మాటలే చెప్పితిని. వారు కొంచెము సేపు ఊరకుండి, "అయితే పరీక్ష రాసేది నేనన్నమాట" అనిరి.

నేనప్పుడు హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రియందు మత్తువైద్యుల బృందమున పనిచేయుచుంటిని. చికిత్సకు ముందటి రాత్రినుండి వారి మాత్రలు ఆపిరి. మాత్ర బలమున వణకు అణగియున్నచో పరీక్ష సాగదు. అందుచే మరునాటి యుదయమున వారు కొయ్యబారి, వణకుచు, భయపడుచు వచ్చిరి. నాలుగైదు గంటలు ఒకే భంగిమలో ఉండవలెను. నడుముక్రిందను మోకాళ్లక్రిందను మెత్తలు అమర్చితిమి. మీద కప్పిన గుడ్డలు ముఖమునకు తగులకుండ డేరావలె ఎత్తి, ఎదుట నేను కూర్చుంటిని.

నిద్రపుచ్చని ఈ మత్తులో వైద్యునికి పని తక్కువయని యెంచవలదు. చట్రము బిగించి రంధ్రము తొలుచు వరకు డెక్స్‌మెడిటొమిడిన్ అను మందును బొట్లుబొట్లుగా ఇత్తుము. అది మనస్సును నెమ్మదిపరచును, ఊపిరిని అంతగా కుంగదీయదు, పిలిచిన పలుకునట్లు ఉంచును. ధ్వని వినవలసిన సమయమునకు ముందే దానిని ఆపుదుము. రక్తపుపోటు పైయంకె నూటనలుబదికి మించకుండ కాపాడుదుము. తీగ దిగునపుడు పోటు హెచ్చినచో లోపలి నాళము చిట్లును. తల చట్రములో బిగిసియుండుటచే ఊపిరి తడబడినచో గొట్టము వేయుట కష్టము. కావున చట్రమును విప్పు తాళమును చేతికందునట్లు ఉంచుకొందుము. తల ఎత్తుగా ఉంచినపుడు రంధ్రమువద్ద రక్తనాళములోనికి గాలిబుడగ పోవచ్చును; రోగి ఉన్నట్టుండి దగ్గుట దానికి మొదటి గుర్తు. ఇవి గాక, రోగి భయమును మాటతో మాన్పవలెను. ఆ మాట రోగి యింటి మాటయై యుండవలెను. కోయవారి పెద్ద యొకరికి ఈ చికిత్స జరిగినపుడు, వారి భాష తెలిసిన మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టగా, మా మందులన్నిటికంటె ఆ బిడ్డ గొంతే యెక్కువ పనిచేసినది.

మాస్టారుగారిని పదమూడవ యెక్కము చెప్పుమంటిమి. తీగ దిగినది. వానచప్పుడు వినవచ్చినది. విద్యుత్తు పంపిరి. వారు "పదమూడు ఏడులు తొంబది ఒకటి" అని స్పష్టముగా చెప్పి, "పదమూడు ఎనిమిదులు" వద్ద నాలుక మందగించి ఆగిరి. లెక్క మరచిపోయి కాదు; విద్యుత్తు ప్రక్కనున్న మాటదారిని తాకినది. శస్త్రవైద్యుడు తీగను రవ్వంత సవరించెను. "నూటనాలుగు" అని వారు పూర్తిచేసిరి. అప్పుడు పలక చేతికిచ్చితిమి. అంతవరకు ఎగిరిపడుచుండిన చేయి మెల్లగా నిలిచినది. వారు తమ పేరును వ్రాసికొనిరి. నలుసులవలె నుండు వారి అక్షరములు మునుపటి లావున పలకనిండ వచ్చినవి. వారేమియు అనలేదు. కన్నులనుండి నీరు చెవులలోనికి కారుచుండగా నేను దూదితో తుడిచితిని.

నాడు వారిని మేము నిద్రపుచ్చియుంటిమేని, తీగ మాటదారి ప్రక్కనే మిగిలియుండెడిది. చేయి కుదుటపడి నాలుక మొద్దుబారెడిది. వైద్యమా, శిక్షా యను ప్రశ్నకు ఇదియే జవాబు.

తరువాతి ఘట్టము వేరు. తలలోని తీగను చర్మముక్రిందుగా చెవివెనుకనుండి మెడమీదుగా దింపి, కంటెయెముకకు దిగువ రొమ్ముచర్మముక్రింద చిన్న బ్యాటరీపెట్టెతో కలుపుదురు. ఈ పని బాధకరము. రోగి సాక్ష్యముతో దీనికి పనిలేదు. కావున దీనికి పూర్తి మత్తునే ఇత్తుము. మెలకువను ఏమాత్రము ఓర్వలేనివారికి మొదటి ఘట్టమును కూడ ఎం.ఆర్.ఐ. పటముల సహాయముతో పూర్తి మత్తులో చేయు పద్ధతియు నేడు కలదు. ఎవరికి ఏది తగునో వైద్యులు నిర్ణయింతురు.

ఇంతవరకు నాకు తెలిసిన సగము. ఇక నేను నేర్చుకొన్న సగము చెప్పెదను.

కొన్నేండ్లకు నేను అడవి సరిహద్దునకు తిరిగివచ్చి ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేయుచుంటిని. ఒక శ్రావణమాసపు రాత్రి, వాగులు పొంగియుండగా, అరువదేండ్ల రైతు స్త్రీని ట్రాక్టరుమీద తెచ్చిరి. గజ్జలోనికి ప్రేగు దిగి చిక్కుకొన్నది. రెండు దినములుగా వాంతులు. తెల్లవారువరకు ఆగినచో ప్రేగు కుళ్లును. శస్త్రవైద్యుడు చేతులు కడుగుకొనుచుండెను. నేను తొందరలో నుంటిని. ఎప్పుడు తిన్నది, ఉబ్బసమున్నదా, చక్కెర యున్నదా అని అడిగితిని. ఒంటిలో యంత్రమేదైన నున్నదా అని అడుగలేదు. అడవిపల్లె స్త్రీకి అట్టిది ఎక్కడిదని నా మనస్సు తీర్మానించుకొన్నది. ఆ తప్పు నాదే.

ఇ.సి.జి. తీగలు తగిలించగా తెరమీద గుండెగీతకు బదులు పిచ్చిగీతలు వచ్చినవి. తీగ వదులుగా నున్నదని నర్సును కసరితిని. తీగను సవరింపబోయి రవికయంచున చేయి పెట్టగా, కంటెయెముకక్రింద అగ్గిపెట్టెవంటి గట్టి బిళ్ల తగిలినది. గుండెజల్లుమన్నది. బయటికి పరుగెత్తి కొడుకును అడిగితిని: "అమ్మకు గుండె మిషను పెట్టించారా?"

"గుండె మిషను కాదు సారూ, తల మిషను. చేతులు వణుకుతుంటే మూడేండ్ల కింద పట్నంల పెట్టించినం. మీరు అడగలేదు, మేం చెప్పలేదు."

వెనుకకు తిరిగి చూతును గదా, నర్సు వాంతులకు వాడు మామూలు సూదిమందును ఎక్కించి సిద్ధముగా నిలిచియున్నది. ఆ మందు పేరు మెటోక్లోప్రమైడ్. ప్రతి ఆసుపత్రిలోను ఉండును. చాలమందికి మేలు చేయును. కాని అది మెదడులో డోపమిన్ పనిని అడ్డగించును. కంపవాత రోగికి ఇచ్చినచో మనిషి కొయ్యబారును. ఆ సూదిని ఆపించి, ఆన్‌డాన్‌సెట్రాన్ అను వేరు మందును ఇప్పించితిని.

రెండవ చిక్కు కరెంటుకత్తి. ఈ కాలమున శస్త్రవైద్యులు రక్తము కారకుండ విద్యుత్తుతో కోయుచు కాల్చుచు పోవుదురు. మామూలు కత్తిలో విద్యుత్తు మొనవద్ద దిగి, శరీరమంతయు దాటి, తొడకు అంటించిన పలకద్వారా బయటికి పోవును. దారిలో ఈ యంత్రమున్నచో అది చెడవచ్చును. లేదా తీగ వేడెక్కి మెదడును గాయపరుపవచ్చును. అందుచే యంత్రమును ముందుగా ఆపవలెను. దానిని ఆపు రిమోటు ఇంటిలో, కిన్నెరసాని ఆవల, పెట్టెలో నున్నది. చిన్నకొడుకు మోటారుసైకిలుపై ఆ రాత్రి అడవిదారిన బయలుదేరెను. ఆమె ప్రేగు ఆయన తిరిగివచ్చువరకు ఆగదు.

హైదరాబాదులో ఆమెకు చికిత్స చేసిన వైద్యులతో టెలిఫోనున మాటాడితిమి. నడుముసూదితో క్రిందిభాగమును మాత్రమే మొద్దుబార్చితిని. ఆమె మెలకువగానే యుండెను. శస్త్రవైద్యుడు కరెంటుకత్తిని ప్రక్కకు నెట్టి, పూర్వకాలపు వైద్యులవలె నాళమునాళమును దారముతో కట్టుచు పనిచేసెను. గంటలో ముగియవలసిన పని రెండు గంటలు పట్టినది. ప్రేగు నల్లబడక మునుపే దక్కినది. ముక్కుగొట్టముద్వారా ఆమె కంపవాతపు మాత్రలను వేళకు ఇచ్చితిమి. తెల్లవారుజామున చిన్నకొడుకు తడిసి వణకుచు వచ్చి రేషనుకార్డుల సంచిలోనుండి రిమోటును తీసి నా చేతనుంచెను. యంత్రము సరిగా పనిచేయుచున్నదని దానితో చూచుకొంటిమి. ఆమె లేచి గ్లాసు పట్టుకొని నీరు త్రాగినది. చేయి వణకలేదు, నా చేయి వణకినది.

ఆనాటినుండి నేనీ ప్రశ్నను ఎవరిని అడుగకుండ విడువను: "మీ యొంటిలో యంత్రమేదైన నున్నదా?" వైద్యుడు అడుగుట మరచినను చెప్పవలసిన బాధ్యత ఇంటివారికి కలదు. శస్త్రచికిత్సనాడు తీగకు చోటు చెప్పినది రోగియే. అటుపిమ్మట బ్రతికినన్నాళ్లు ఆ తీగకు కాపుండువాడును రోగియే. దానికై కొన్ని మాటలు గుర్తుంచుకొనుడు.

యంత్రముతో వైద్యులిచ్చిన కార్డును, రిమోటును ఇంటిపెట్టెలో దాచక ప్రయాణమున వెంట నుంచుకొనుడు. ఇంటిలో ఒక్కరికి కాక ఇద్దరు ముగ్గురికి దానిని ఆపుటయు నడుపుటయు నేర్పించుడు. ఏ శస్త్రచికిత్సకు పోయినను, అది పన్ను తీయుటయైనను, మత్తిచ్చు వైద్యునికి ముందుగా చెప్పుడు. యంత్రమును ఆపవలసివచ్చినచో ఎప్పుడు ఆపవలెనో ఆయనయే చెప్పును. పని ముగిసినంతనే తిరిగి నడిపించినారో లేదో మీరు అడుగుడు.

కీళ్లనొప్పులకు కొన్నిచోట్ల విద్యుత్తరంగములతో లోతైన కాపడము పెట్టుదురు. దానిని డయాథర్మీ అందురు. ఈ యంత్రమున్నవారు దానిని ఎన్నటికిని, ఏ కీలునకును పెట్టించుకొనరాదు. ఆ వేడి తీగవెంట ప్రాకి మెదడును కాల్చును. ఇతర దేశములలో ఇట్లు ప్రాణములు పోగా 2002లో అమెరికా ప్రభుత్వము దీనిని గూర్చి గట్టిగా హెచ్చరించినది. యంత్రమును ఆపియుంచినను ఈ ప్రమాదము తప్పదు. వేడినీటి కాపడమునకు, ఆముదపు ఆకు కట్టుటకు అభ్యంతరము లేదు. ఎం.ఆర్.ఐ. తీయించునపుడు యంత్రపు రకము చూచి, తగునని చెప్పిన పిమ్మటనే లోనికి పోవలెను. రద్దీచోట్ల లోహములను పసిగట్టు ద్వారములు ఎదురైనచో కార్డు చూపి చేతితో సోదా చేయుమని అడుగుడు, ద్వారమున నిలువబడకుడు.

బ్యాటరీకి ఆయువు కలదు. కొన్ని రకములు మూడునుండి అయిదేండ్లలో తీరిపోవును. కొన్నిటిని ఇంటివద్దనే చార్జి చేసికొనవలెను. కరెంటు పోవు ఊళ్లలో చివరిదినమువరకు ఆగుట అవివేకము. బ్యాటరీ ఉన్నట్టుండి ఆగినచో బిగువంతయు ఒక్కపెట్టున తిరిగివచ్చును.

యంత్రము లేని కంపవాత రోగులకును ఒక మాట. ఏ శస్త్రచికిత్సకైన పరగడుపున ఉండుమన్నపుడు ఈ మాత్రలనుకూడ మానుకొనువారు పెక్కుమంది కలరు. అట్లు మానరాదు. గుక్కెడు నీటితో వేళకు వేసికొనవచ్చునా అని వైద్యునడుగుడు. తరచుగా వేసికొనుమనియే చెప్పుదురు. తటాలున మానినచో జ్వరమువచ్చి ఒడలు బిగిసి ప్రాణాపాయము కలుగవచ్చును. తలలోని తీగ దింపునాడు మాత్రము, వైద్యుడు చెప్పినందున, మానవలెను. దూలగొండి చూర్ణముగాని, వేరు నాటుమందుగాని వాడుచున్నచో సిగ్గుపడక చెప్పుడు. మేము కోపపడము. తెలియనిదే మాకు భయము, తెలిసినదానికి ఉపాయమున్నది.

మాస్టారుగారు ఇప్పటికిని సాయంకాలము అరుగుమీద కూర్చుండి మనుమలకు ఎక్కములు చెప్పుచున్నారు. కార్డు వారి చొక్కాజేబులో, రిమోటు వారి భార్య కొంగుముడిలో నుండును. మొన్న నేను పోయినపుడు వారు నవ్వుచు, "పరీక్ష ఇంకా అయిపోలేదయ్యా, రోజూ హాజరు పలకాల్సిందే" అనిరి.

మీ యింటిలో చేయి వణకు పెద్దలున్నచో, ముసలితనమని ఊరకుండక ఒకమారు వైద్యునికి చూపుడు. యంత్రమున్నవారుండినచో ఈ రాత్రియే ఆ కార్డు ఎక్కడనున్నదో వెదకి చూచుకొనుడు.

సెలవు.